పైథాన్ వచ్చు, ఫైలెక్కడుందో తెలీదు

2015 మే నెలలో సింగపూర్ ప్రధానమంత్రి లీ సియన్ లూంగ్ ఫేస్‌బుక్‌లో ఒక కంప్యూటర్ ప్రోగ్రాం పెట్టారు. సుడోకు పజిళ్ళు పరిష్కరించే ప్రోగ్రాం. సి ప్లస్ ప్లస్‌లో తనే స్వయంగా రాసుకున్నది. తప్పులేమైనా కనిపిస్తే చెప్పమని కూడా అడిగారు. ప్రధానమంత్రి పనిలో తప్పులు పట్టమంటే ఏ దేశంలోనైనా జనం ఉత్సాహంగానే ముందుకొస్తారు, అక్కడా వచ్చారు. ఆయన కేంబ్రిడ్జిలో గణితం చదివి, కంప్యూటర్ సైన్సులో డిప్లొమా కూడా పుచ్చుకున్న మనిషి. ఎంఐటీలో చదువుకున్న పిల్లల్లో ఒకరు హాస్కెల్ అనే కంప్యూటర్ భాష మీద పుస్తకం తెచ్చి చేతిలో పెడితే, రిటైరయ్యాక చదువుకుంటానని ఒక సభలో చెప్పారు. 2024 మేలో ప్రధాని కుర్చీ దిగారు గానీ, దిగీదిగగానే సీనియర్ మినిస్టర్ అయిపోయారు. పాపం, హాస్కెల్ పుస్తకానికి ఇంకా యోగం పట్టినట్టు లేదు.

ఏలినవారే కోడు రాసే ఊళ్ళో పిల్లలు ఎలా ఉండాలి? సర్కారు లెక్క ప్రకారం బ్రహ్మాండంగా ఉండాలి. ‘స్మార్ట్ నేషన్’ అని 2014లోనే బోర్డు కట్టిన దేశం అది. ప్రాథమిక పాఠశాల పెద్ద తరగతుల పిల్లలందరికీ 2020 నుంచి ‘కోడ్ ఫర్ ఫన్’ పేరుతో కోడింగ్ పాఠాలు. 2021 ముగిసేసరికి సెకండరీ స్కూల్లో ప్రతి పిల్లవాడి చేతిలోనూ సొంత ట్యాబ్లెట్టో ల్యాప్‌టాపో. ఆ తర్వాత యూనివర్సిటీ. నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్‌లో, అంటే అందరూ ఎన్‌యూఎస్ అనే చోట, ఏ శాఖలో చేరినవాళ్ళైనా చదవాల్సిన ఉమ్మడి పాఠాల్లో ‘డిజిటల్ లిటరసీ’, ‘డేటా లిటరసీ’ రెండు స్తంభాలు. నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో, అంటే ఎన్‌టీయూలో, 2021లో పెట్టిన ఉమ్మడి పాఠ్యక్రమంలో ‘నావిగేటింగ్ ది డిజిటల్ వరల్డ్’ అని ఏకంగా ఒక కోర్సే ఉంది. చరిత్ర చదివేవాళ్ళకీ పైథాన్ తగులుతుంది, సంగీతం చదివేవాళ్ళకీ గణాంకాలు తప్పవు.

ఇంత ఏర్పాటు జరిగాక, ఒక రాత్రి పదకొండూ నలభైకి ఏ హాస్టల్ తలుపు దగ్గర చెవి పెట్టినా వినిపించే సంభాషణ ఇది. ఇద్దరు రూమ్మేట్లు, ఇద్దరూ మనవాళ్ళే, ఇద్దరూ డేటా సైన్సులో మాస్టర్స్.

“ఒరేయ్ మామా, నా ఫైలు పోయిందిరా.”

“ఎక్కడ సేవ్ చేశావ్?”

“వర్డ్‌లో.”

“వర్డ్‌లో అంటే ఎక్కడ్రా?”

“వర్డ్‌లోనే రా బాబూ! రోజూ తెరవగానే కనిపించేది. ఇవాళ కనిపించట్లేదు.”

గడువు పదకొండూ యాభై తొమ్మిది. మామ వచ్చి కూర్చున్నాడు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. తెరవగానే తిరనాళ్ళు కనిపించాయి. ‘అసైన్‌మెంట్ ఫైనల్’, ‘అసైన్‌మెంట్ ఫైనల్ 2’, ‘రియల్ ఫైనల్’, ‘ఇదే ఫైనల్’, ‘ఇదే ఫైనల్ కాపీ’, వాటి మధ్య విమానం టికెట్టు, ముస్తఫా షాపు బిల్లు ఫోటో, రెండేళ్ళ కిందటి ఐఈఎల్‌టీఎస్ మార్కుల కాగితం, పేరే లేని ‘అన్‌టైటిల్డ్’లు ఓ డజను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఫైలు దొరికింది. అయితే అది ఆపిల్ కంప్యూటర్లో ‘పేజెస్’లో చేసిన ఫైలు. అటువైపు ట్యూటర్ దగ్గరున్నది విండోస్. పీడీఎఫ్‌గా మార్చాలని మామ చెబుతుండగానే మనవాడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది: ల్యాప్‌టాప్ తెరను ఫోనుతో ఫోటోలు తీసి, ఆ ఫోటోలన్నిటినీ ఒక ఉచిత యాప్‌తో పీడీఎఫ్‌గా కుట్టేస్తే? పదకొండూ యాభై ఎనిమిదికి అలాగే పంపాడు. అసైన్‌మెంటు అందింది. అందులో ప్రతి పేజీ మీదా ట్యూబులైటు ప్రతిబింబం, కింద ఆ యాప్ వాటర్‌మార్కు, మూడో పేజీలో మామ బొటనవేలు. అసైన్‌మెంటు విషయం: బృహత్ సమాచార నిర్వహణ.

నవ్వేముందు ఒక మాట. ఈ జబ్బు మన పిల్లలకే పట్టింది కాదు, సింగపూర్‌కే పరిమితమూ కాదు. అమెరికాలో కేథరిన్ గార్లాండ్ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త 2017లో ఇంజనీరింగ్ పిల్లలకు జెట్ ఇంజన్ టర్బైన్ల మీద ఒక సాఫ్ట్‌వేర్‌తో పని అప్పగించారు. ప్రోగ్రాంకు ఫైలు దొరకడం లేదని ఒకరి తర్వాత ఒకరు మొరపెట్టుకున్నారు. ఎక్కడ దాచారమ్మా అని ఆమె అడిగితే, వాళ్ళకు జవాబు తెలియకపోవడం కాదు, అసలు ప్రశ్నే అర్థం కాలేదు. తోటి అధ్యాపకులను కదిపితే వాళ్ళదీ అదే గోడు. 2021లో ‘ది వెర్జ్’ పత్రిక ఈ సంగతి రాసేసరికి ప్రపంచంలోని లెక్చరర్లందరూ ‘మా దగ్గరా ఇంతే’ అని ఊపిరి పీల్చుకున్నారు.

పిల్లల తప్పనడానికీ లేదు. పాత కంప్యూటర్ ఒక బీరువా. ఏ అరలో ఏం పెట్టామో మనమే గుర్తుపెట్టుకోవాలి. ఫోను ఆ బీరువాను మాయం చేసింది. ఫోటో తీస్తే గ్యాలరీలో ఉంటుంది, పాట వింటే యాప్‌లో ఉంటుంది, మిగతాదంతా వెతుకులాట పెట్టెలో రెండక్షరాలు కొడితే వస్తుంది. పదేళ్ళ వయసు నుంచి ఫోనుతోనే పెరిగిన మనిషికి ‘సీ డ్రైవ్‌లో, డాక్యుమెంట్స్‌లో, సెమిస్టర్ రెండులో’ అని దారి చెబితే, చెన్నపట్నం వెళ్ళడానికి బకింగ్‌హాం కాలువలో పడవెక్కమన్నట్టే ఉంటుంది. 2001లో మార్క్ ప్రెన్స్‌కీ అనే అమెరికన్ రచయిత ఈ తరానికి ‘డిజిటల్ నేటివ్స్’ అని పేరు పెట్టాడు. కంప్యూటర్ విద్య వీళ్ళకు పుట్టుకతోనే వచ్చేసిందన్నాడు. అప్పటినుంచి పెద్దవాళ్ళందరూ హాయిగా నమ్మేశారు, నేర్పే పని తప్పింది గదా అని.

మన తెలుగు కుర్రాళ్ళ కథలో ఇంకో ముడి ఉంది. దాని పేరు నెట్ సెంటర్.

ఇంటర్ పూర్తి చేసి ఎంసెట్ రాసిన ఏ పిల్లవాడినైనా అడగండి (ఇప్పుడది ఈఏపీసెట్, పేరు మారింది గానీ నెట్ సెంటర్ మారలేదు). హాల్ టికెట్ తీసిందెవరు? నెట్ సెంటర్ అన్న. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టిందెవరు? ఆయనే. పాస్‌వర్డ్ పెట్టిందీ ఆయనే, దాన్ని ర్యాంక్ కార్డు వెనకాల బాల్‌పెన్నుతో రాసిచ్చిందీ ఆయనే. స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఆదాయ ధ్రువపత్రం, పాస్‌పోర్టు అపాయింట్‌మెంటు, ఫోటోను ఇన్ని కేబీలకు కుదించడం, సంతకాన్ని అన్ని పిక్సెళ్ళకు నరకడం, అన్నీ ఆయన చేతి మీదుగానే. పక్కన స్టూలు మీద కూర్చుని మనవాడు చేసింది ఓటీపీ చదివి చెప్పడం ఒక్కటే. నాలుగేళ్ళు కంప్యూటర్ సైన్సు ఇంజనీరింగ్ చదివినా ఆ స్టూలు దిగలేదు. ఆంధ్ర, తెలంగాణల్లో డిజిటల్ విప్లవమనేది ఏదైనా జరిగి ఉంటే అది జిరాక్స్ మిషన్ పక్కన జరిగింది. ఆ అన్నకి ఏ యూనివర్సిటీ అయినా గౌరవ డాక్టరేట్ ఇవ్వాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దరఖాస్తు మాత్రం ఆయన్నే అప్‌లోడ్ చేయమనక తప్పదు.

అలాంటి కుర్రాడు సింగపూర్‌లో దిగాడు. స్టూడెంట్ పాస్ కావాలంటే ఇమిగ్రేషన్ వాళ్ళ ‘సోలార్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో తనే నింపాలి. బ్యాంకు ఖాతా, ఫోన్ కనెక్షన్, ఆస్పత్రి అపాయింట్‌మెంటు, ఏది ముట్టుకున్నా ‘సింగ్‌పాస్’ అనే ఒకే తాళంచెవి అడుగుతుంది. 2003లో పుట్టిన ఆ ఖాతా ఇప్పుడు ఫోన్ యాప్ అయి, ముఖం చూసి తలుపు తీస్తోంది. లిటిల్ ఇండియా మొత్తం గాలించినా, సెరంగూన్ రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి, దోసె దొరుకుతుంది, మల్లెపూలు దొరుకుతాయి, గోంగూర కూడా దొరుకుతుంది. ఇవన్నీ చేసిపెట్టే మన అన్న మాత్రం దొరకడు. ఇంతలో భీమవరం నుంచి ఫోను.

“నాన్నా, నీ పాన్ కార్డు పీడీఎఫ్ రెండొందల కేబీ దాటకూడదంటరా. బ్యాంకువాళ్ళు అడిగారు. కొంచెం చిన్నది చేసి పంపు.”

“అమ్మా, నాకెలా వస్తుందే? నెట్ సెంటర్ అన్నకివ్వు.”

“అదేంట్రా, నువ్వు చదివేది కంప్యూటర్లేగా?”

“అది వేరే కంప్యూటరమ్మా.”

అబద్ధం కాదు, నిజంగానే వేరే కంప్యూటర్. అతనికి పైథాన్‌లో న్యూరల్ నెట్‌వర్క్ కట్టడం వచ్చు; కట్టింది ఎక్కడ పెట్టాడో చెప్పడం రాదు. నేల విడిచి సాము అనే మాట మనవాళ్ళు దీనికోసమే దాచినట్టుంది.

ఫైలు సంగతి వదిలేద్దాం, అది ఎప్పటికైనా డౌన్‌లోడ్స్‌లోనే దొరుకుతుంది. చదివినదాంట్లో ఏది నమ్మాలో తెలియకపోతేనే అసలు చిక్కు. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక ప్రయోగం చేశారు. పదిమంది చరిత్ర పండితులు, వార్తల్లో నిజానిజాలు తేల్చడమే ఉద్యోగమైన పదిమంది ఫ్యాక్ట్ చెకర్లు, పాతికమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. పిల్లల వైద్యుల సంఘాలవి రెండు వెబ్‌సైట్లు చూపించి, దేన్ని నమ్ముతారని అడిగారు. ఒకటి 1930లో పుట్టి అరవై వేలమందికి పైగా సభ్యులున్న సంఘం. రెండోది దాంట్లోంచి విడిపోయిన చిన్న గుంపు, పేరూ అలంకారమూ మాత్రం పెద్ద సంఘానికేమీ తీసిపోవు. విద్యార్థుల్లో సగానికి పైగా ఆ చిన్న గుంపుకే ఓటేశారు. పేజీ నీటుగా ఉంది, ఫుట్‌నోట్లున్నాయి, లోగో బాగుంది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి చొక్కా ఇస్త్రీ చూసి సంబంధం ఖాయం చేసుకోవడం కాదూ ఇది? పండితులూ చాలామంది ఆ పేజీలోనే కిందికీ పైకీ తిరుగుతూ ఉండిపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం కాసేపటికే ఆ పేజీ వదిలి పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్ళు ఏమంటున్నారని వాకబు చేశారు. మన పెద్దవాళ్ళు సంబంధం వచ్చినప్పుడు చేసే పనే ఇది: అబ్బాయిని అడగరు, వాళ్ళ వీధి చివర కిళ్ళీ కొట్టువాణ్ణి అడుగుతారు.

సింగపూర్ జాతీయ గ్రంథాలయం ఇదే విద్యను 2013 నుంచి ‘ష్యూర్’ అనే పేరుతో ప్రచారం చేస్తోంది. మూలం చూడు, అర్థం చేసుకో, పరిశోధించు, బేరీజు వెయ్యి, ఈ నాలుగే దాని సూత్రాలు. పోస్టర్లు చక్కగా ఉంటాయి. పరీక్ష ముందురోజు రాత్రి టెలిగ్రాం గ్రూపులో (అక్కడి విద్యార్థులకు టెలిగ్రాం బాగా వాడుక) ‘రేపటి పేపర్ లీకైంది’ అని ఒక పీడీఎఫ్ పడ్డప్పుడు ఆ నాలుగు సూత్రాల్లో ఎన్ని గుర్తుంటాయన్నది వేరే సంగతి.

2022 నవంబరు ఆఖర్లో చాట్‌జీపీటీ దిగింది. దాంతో కొత్త రకం అసైన్‌మెంట్లు మొదలయ్యాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ సోమలింగానికి పత్రిక పేరు, సంపుటి, సంచిక, పేజీ నంబరు కూడా ఉంటాయి. పరిశోధకుడు లేడు, పరిశోధన లేదు, కానీ అడుగున ఆధారాల పట్టిక మాత్రం ముత్యాల్లా ఉంటుంది. 2025 జూన్‌లో ఎన్‌టీయూలో ముగ్గురు విద్యార్థులు ఏఐ వాడారన్న ఆరోపణ మీద ఒక అసైన్‌మెంట్‌లో సున్నా తెచ్చుకున్నారు. అందులో ఒకరు తాను ఆధారాల పట్టికను అక్షరక్రమంలో పేర్చుకోవడానికి మాత్రమే ఒక ఆన్‌లైన్ సాధనం వాడానని వాదించారు. పట్టికలో అసలు ఉనికిలోనే లేని ఆధారాలూ తప్పుడు వివరాలూ ఉన్నాయని యూనివర్సిటీ అంది. వ్యవహారం పత్రికలకెక్కి, దేశమంతా పక్షాలు చీలి వాదించుకుంది. ఎవరి వాదన ఎంత అన్నది వాళ్ళ కమిటీలు చూసుకుంటాయి. పాఠకుడికి పనికొచ్చేది ఒకటే: అక్షరక్రమంలో పేర్చే బటన్ వర్డ్‌లోనే ఉంది, కొన్ని దశాబ్దాలుగా ఉంది, దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

పిల్లల్ని ఒక్కళ్ళనే ఆడిపోసుకోవడం ధర్మం కాదు. న్యూయార్క్‌లో 2023లో లాయర్లు చాట్‌జీపీటీ అల్లిన ఆరు తీర్పుల్ని కోర్టుకు సమర్పించి అయిదువేల డాలర్ల జరిమానా కట్టారు. వాళ్ళలో ఒకాయన ఆ తీర్పులు నిజమేనా అని సరిచూసుకున్నారు కూడా. ఎవరినడిగి? చాట్‌జీపీటీనే. నిజమేనంది. 2025లో సింగపూర్ హైకోర్టు కూడా లేని తీర్పును ఉదహరించిన ఒక న్యాయవాదిని ఎదుటి పక్షానికి సొంత జేబులోంచి 800 డాలర్లు కట్టమంది. దొంగనే తలుపు దగ్గర కాపలా పెట్టే అలవాటు విద్యార్థి దశలోనే ఆగిపోవడం లేదన్నమాట.

పాస్‌వర్డ్‌ల అధ్యాయంలోకి వస్తే విద్యార్థి ఇంకా నయమనిపిస్తాడు. 2018లో సింగ్‌హెల్త్ అనే ప్రభుత్వ వైద్య వ్యవస్థలోకి దొంగలు జొరబడి పదిహేను లక్షలమంది రోగుల వివరాలు ఎత్తుకెళ్ళారు. వాళ్ళలో మన సుడోకు ప్రధాని కూడా ఒకరు. విచారణ సంఘం తవ్వితే బయటపడ్డ వాటిలో ఒక ఘనమైన తాళం కూడా ఉంది: ఒక నిర్వాహక ఖాతా పాస్‌వర్డ్, ‘పాస్‌వర్డ్’ అన్న ఇంగ్లిషు మాటే. కాకపోతే ‘ఏ’ అక్షరం స్థానంలో ‘ఎట్’ గుర్తు, ‘ఓ’ స్థానంలో సున్నా. ఇంతకన్నా పుట్టినరోజే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్న కుర్రాడు ఏం పాపం చేశాడు? కనీసం అతని పుట్టినరోజు తెలుసుకోవడానికి ఇన్‌స్టాగ్రాం దాకా వెళ్ళాలి.

బ్యాకప్ అనేది మటుకు విద్యార్థులకు దెబ్బ తగిలేదాకా తెలియని మాట. 2024 ఆగస్టు 4న, స్కూలు ట్యాబ్లెట్లను అదుపులో పెట్టే ‘మొబైల్ గార్డియన్’ అనే యాప్ మీద సైబర్ దాడి జరిగింది. 26 సెకండరీ స్కూళ్ళలో సుమారు 13,000 మంది పిల్లల ఐప్యాడ్‌లు, క్రోమ్‌బుక్‌లు దూరం నుంచే తుడిచిపెట్టుకుపోయాయి. పరీక్షల కోసం రాసుకున్న నోట్సంతా పోయిందని పిల్లలు బావురుమన్నారు. విద్యాశాఖ ఆ యాప్‌నే ఊడబీకేసింది. కాగితం మీద నోట్సు రాసుకున్న ఒకరిద్దరు మొండిఘటాల పరపతి ఆ వారం తరగతిలో ఎంత పెరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ పిల్లలే ఇప్పుడు వరసగా యూనివర్సిటీ మెట్లెక్కబోతున్నారు.

ఇక డబ్బు. నవ్వు కాస్త పలచబడే చోటు ఇదే.

2021 డిసెంబరులో ఓసీబీసీ బ్యాంకు పేరుతో నకిలీ సందేశాలొచ్చాయి. అసలు బ్యాంకు సందేశాలు వచ్చే వరసలోనే, అదే పేరు కిందే వచ్చి కూర్చున్నాయి. దాదాపు 790 మంది లింకు నొక్కారు, కోటీ ముప్ఫై ఏడు లక్షల సింగపూర్ డాలర్లు పోయాయి. ఆ దెబ్బతో బ్యాంకులు ఎస్సెమ్మెస్‌లో లింకులు పంపడమే మానేశాయి. 2023 జనవరి ఆఖరి నుంచి, నమోదు చేసుకోని సంస్థ పేరుతో సందేశం వస్తే ఫోనులో పంపినవారి పేరు దగ్గర ‘లైక్లీ స్కామ్’ అని పడుతోంది. ఇంత చేసినా 2024లో పోలీసు లెక్కల ప్రకారం 51,501 మోసాలు, 110 కోట్ల డాలర్ల నష్టం. మన రూపాయల్లో ఇంచుమించు ఏడు వేల కోట్లు. పోగొట్టుకున్నవాళ్ళు ముసలీ ముతకా అనుకుంటాం. కాదు. బాధితుల్లో నూటికి డెబ్బైమంది పైచిలుకు యాభై ఏళ్ళలోపువాళ్ళు. తలకు సగటున ఎక్కువ పోగొట్టుకున్నది పెద్దవాళ్ళే, నిజమే. వాళ్ళ దగ్గర ఉంది గనక పోయింది. కుర్రవాళ్ళు లేని డబ్బు పోగొట్టుకుంటున్నారు.

కొత్తగా వచ్చే విద్యార్థి మొదటి గండం గది. గుంటూరులో కూర్చుని సింగపూర్ క్లెమెంటీలో గది వెతుకుతాడు. ప్రకటన దొరుకుతుంది: ఎమ్మార్టీ రైలు స్టేషనుకి నాలుగు నిమిషాలు, ఏసీ, వంట చేసుకోవచ్చు, అద్దె ఆశ్చర్యంగా తక్కువ. ఏజెంటు తన లైసెన్సు కార్డు ఫోటో కూడా పంపుతాడు. పేరు నిజం, నంబరు నిజం, కార్డు మీద ఫోటో నిజం, పంపినవాడొక్కడే అబద్ధం. “చాలామంది అడుగుతున్నారు బ్రదర్, అడ్వాన్స్ కొట్టేస్తే గది లాక్ చేస్తా” అంటాడు. తెల్లారి ఆ ఫోను పలకదు. ఏజెంట్ల మండలి వెబ్‌సైట్లో ఆ లైసెన్సు నంబరు కొడితే అసలు ఏజెంటు ఫోను నంబరు వస్తుంది. వాట్సాప్‌లో మాట్లాడినవాడి నంబరుతో పోల్చుకుంటే కథ అక్కడే కంచికి పోయేది. ముప్ఫై సెకన్ల పని. లక్షల వరసల డేటాలో తేడా వరసను పట్టే ప్రోగ్రాం రాయగల కుర్రాడికి, రెండు ఫోను నంబర్లు పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన రాదు.

రెండో గండం సులువు సంపాదన. ‘నీ బ్యాంకు ఖాతా వారం రోజులు వాడుకోనివ్వు, సింగ్‌పాస్ వివరాలివ్వు, నీకు కొన్ని వందల డాలర్లిస్తాం’ అని టెలిగ్రాంలో బేరం వస్తుంది. మనవాడు తను అద్దెకిస్తున్నది ఖాతా అనుకుంటాడు. దొంగ సొమ్ము దారి మళ్ళించే మోరీకి మూత తీసి ఇస్తున్నానని తెలియదు. 2024 ఫిబ్రవరి 8 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం సింగ్‌పాస్ వివరాలు అలా ఇవ్వడమే నేరం, మూడేళ్ళ దాకా జైలు. ‘నాకు తెలీదు సార్’ అన్నమాట అక్కడి కోర్టుల్లో పెద్దగా చెల్లుబాటు కాదు.

ఇన్ని చెప్పుకున్నాక తోవా పాయోలోనో, ఆంగ్ మో కియోలోనో ఒక కమ్యూనిటీ క్లబ్బుకు వెళ్ళి చూడాలి. 2020లో సింగపూర్ ప్రభుత్వం ‘ఎస్‌జీ డిజిటల్ ఆఫీస్’ అని పెట్టి, వృద్ధులకు ఫోను నేర్పడానికి డిజిటల్ అంబాసిడర్లను నియమించింది. ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు. డెబ్బై దాటిన అవ్వ కళ్ళద్దాలు సర్దుకుని కూర్చుంటుంది. యువకుడు ఓపికగా చెబుతాడు: ఇది పేనౌ, ఇది క్యూఆర్ కోడ్, ఈ లింకు ముట్టుకోవద్దు అవ్వా. ఆమె ఒకటికి మూడుసార్లు అడుగుతుంది, నోటుబుక్‌లో రాసుకుంటుంది. మర్నాడు ప్రభుత్వమిచ్చిన సీడీసీ వోచరును ఫోనులో చూపించి హాకర్ సెంటర్లో చికెన్ రైస్ కొనుక్కుంటుంది. ఎవరైనా ఫోను చేసి పోలీసులమంటే మళ్ళీ ఆ బల్ల దగ్గరకే వచ్చి ‘ఇది నిజమేనా బాబూ’ అని అడుగుతుంది.

అడగడమే ఆమె బలం. 2024 జనవరిలో పాత ఈజీ-లింక్ రవాణా కార్డుల్ని ఎత్తేసి కొత్త ‘సింప్లీగో’ పద్ధతికి మారాలని అధికారులు ప్రకటిస్తే, గేటు దగ్గర ఛార్జీ ఎంత కోశారో, కార్డులో ఎంత మిగిలిందో కనిపించకపోతే ఎలా అని జనం నిలదీశారు. సర్కారు వెనక్కి తగ్గి, పాత కార్డుల్ని కొనసాగించడానికి మరో నాలుగు కోట్ల డాలర్లు పెట్టింది. ‘నాకు అర్థం కావడం లేదు’ అని గట్టిగా అన్నందుకు నాలుగు కోట్లు! ఇక మన ఎంఎస్ విద్యార్థి, జిప్ ఫైలు ఎలా విప్పాలని పక్కవాణ్ణి అడగడానికి సిగ్గుపడి, యూట్యూబులో పదకొండు నిమిషాల వీడియో చూసి, అందులో చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని, దాంతోపాటు వచ్చిన వైరస్‌నీ భద్రంగా ఇన్‌స్టాల్ చేసుకుంటాడు. జిప్ ఫైలు విప్పడం విండోస్‌కి ఎప్పుడో వచ్చు. రెండుసార్లు నొక్కితే చాలు. పుట్టుకతో వచ్చిన విద్య అని లోకమంతా అంటుంటే, రాదని ఒప్పుకోవడానికి ఎవరికి నోరొస్తుంది?

యూనివర్సిటీలు ఇక్కడే ఒక పని చెయ్యొచ్చు. స్తంభాలు, కోర్సు కోడ్‌లు, పైథాన్ అలాగే ఉండనివ్వండి, వాటితో పేచీ లేదు. మొదటి వారంలో, ఫ్రెషర్ల వేడుకల మధ్య, కమ్యూనిటీ క్లబ్బులో ఉన్నలాంటి బల్ల ఒకటి వేసి రెండు కుర్చీలు పెట్టండి. పైన బోర్డు మీద ‘డిజిటల్’ అన్న మాట లేకుండా చూడండి, ఉంటే ఎవరూ రారు. పక్కన కాస్త బిర్యానీ పెడితే అందరూ వస్తారు. ఫోల్డరు చేయడం, బ్యాకప్ తీయడం, రెండు నంబర్లు పోల్చడం, ఆధారం అసలుందో లేదో గ్రంథాలయ సూచికలో చూడటం, పాన్ కార్డును రెండొందల కేబీలకు దించడం, గంటన్నరలో అయిపోతుంది. ఎన్‌యూఎస్, ఎన్‌టీయూ గ్రంథాలయాల్లో ఇవి చెప్పగల లైబ్రేరియన్లు ఇప్పటికే ఉన్నారు, అడిగితే చెబుతారు, ఫీజు కూడా లేదు. మన ఊరి కాలేజీలైతే అంతదూరం వెళ్ళక్కర్లేదు, గేటు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్ అన్నను ఒకరోజు తరగతికి పిలిస్తే సరిపోతుంది.

అంతదాకా ఆగలేనివాళ్ళకు రెండు నంబర్లు. సింగపూర్‌లో ఏ ఫోనైనా, సందేశమైనా అనుమానంగా తోస్తే 1799. అది ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది. ఇండియాలో ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే 1930. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలోనే ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ. రెండూ ఫోనులో ఇప్పుడే సేవ్ చేసుకోండి. ఎక్కడ సేవ్ చేశారో కూడా చూసుకోండి.